మైలన్న గోడు విన్న నక్క

కోతలైపోయి మెట్టచేలు బోడిగా మిగిలిన రోజులవి. గొర్రెల కాపరి ఓబులేసు తన మందను కొన్నాళ్లు ఒక చేలో, కొన్నాళ్లు ఇంకో చేలో నిలిపేవాడు. గొర్రెల ఎరువు చేనుకు, రైతు పెట్టే గింజలు ఓబులేసుకు. మంద మారిన ప్రతిసారీ చుట్టూ కట్టే తడికలు కూడా మారాలి. ఆ తడికలను ఒంటెద్దు బండి మీద మోసేవాడు మైలన్న. ముసలి ఎద్దు. ఇక మడక దున్నడానికి పనికిరాడని రైతు వదిలించుకుంటే ఓబులేసు తోలుకొచ్చుకున్నాడు.

మైలన్నకు మేతకు కొదవ లేదు, నీళ్లకు కొదవ లేదు. ఉన్న కొరతల్లా ఒక్కటే, ఆయన గోడు వినే దిక్కు లేదు. పదిహేనేళ్లు పక్కన నడిచిన జత ఎద్దు పోయినప్పటి నుంచి కడుపులో మాటలు పేరుకుపోయాయి. నోరు విప్పితే ఇక ఆపేవాడు కాదు. గొర్రెలు నాలుగు మాటలు విని మెల్లగా మేతలోకి జారుకునేవి. వాటిని తప్పుపట్టలేం, ఆయన చెప్పిందే చెప్పేవాడు. ముఖం మీద తెల్ల మచ్చ ఉన్న బొల్లి గొర్రె ఒక్కతే రోజూ వచ్చి ఆయన పక్కన పడుకునేది. బొల్లికి తొలిసారి పుట్టిన పిల్ల ఒకటి ఉంది. తల్లులు మేతకు పోయినంతసేపూ పిల్లలు వేరే తడికల దొడ్డిలో ఉండేవి.

బొల్లితో వచ్చిన చిక్కేమిటంటే ఆమె ఊరికే వినదు. మెడ నొప్పంటే ఏ పక్కన అంటుంది. ఎడమ పక్కంటే మొన్న కుడి పక్క అన్నావే అని పట్టుకుంటుంది. నడుమ తన పిల్ల సంగతి తెస్తుంది. ఇంతలోనే లేచొచ్చి, నొప్పి ఉన్నచోట తన వీపు ఆనించి రుద్దుతుంది. మైలన్నకు కావలసింది రుద్దడం కాదు. అడ్డు రాకుండా వినడం.

ఒకనాడు తడికలు దించుతుంటే మైలన్న కాలు జారి ఒకదాని మీద పడింది. నాలుగు బద్దలు విరిగాయి. ఓబులేసు ఆ కన్నానికి పాత తాడు చుట్టి, పైకి తెలియకుండా ఆకు కప్పి, ఆ కోపంలో ముల్లుకర్రతో మైలన్న వీపు మీద రెండు వేశాడు. ఓబులేసు ఆయన్ను కొట్టడం అదే మొదలు. ఆ సాయంత్రం బొల్లి దగ్గర ఆ దెబ్బల సంగతి ఎత్తాడో లేదో, ఆమె అడ్డొచ్చింది.

"విరిగిన తడిక యాడ పెట్టినాడన్నా? పిల్లల దొడ్డికి కాదు గదా?"

మైలన్న మనసు చివుక్కుమంది. "నా వీపు చీరుకపోయిందంటే నీకు తడిక కావాల్సొచ్చిందా?"

"వీపు చూస్తా ఉండు. ముందు అది చెప్పు."

ఆయన ముఖం తిప్పుకున్నాడు. బొల్లి మరో రెండుసార్లు అడిగింది. వాతల మీద ముసిరిన ఈగలను తలతో తోలింది. అప్పటికీ ఆయన పలకకపోతే, పిల్ల అరుస్తోందని లేచి వెళ్లింది.

మర్నాడు వాగు గట్టు దిగి నక్క వచ్చింది. నక్క ఎలాంటిదో మైలన్నకు తెలియక కాదు. ముసలి ఎద్దును అదేం చేస్తుందిలే అనుకున్నాడు. తనను ఏమీ చేయలేనిది ఎవరినీ ఏమీ చేయదనుకోవడం అంత వయసు వచ్చాక చేయాల్సిన పొరపాటు కాదు.

"వీపు మీద ఆ వాతలేంది మావా? ఏ పాపాత్ముడు కొట్టినాడు?" అంటూ నక్క చతికిలబడింది.

ఆ ఒక్క మాటకు మైలన్న కళ్లు చెమర్చాయి. ఇక చెప్పుకుపోయాడు. పోయిన జత ఎద్దు గురించి, వదిలించుకున్న రైతు గురించి, ఎడమ మెడ మీద కాడి ఒరిపిడికి కాచిన కాయ గురించి. నక్క ఒక్కసారి కూడా అడ్డు రాలేదు. ముందుకాళ్ల మీద గడ్డం ఆనించి, అయ్యో అనాల్సిన చోటల్లా అయ్యో అంది. మాట తడిక దాకా వచ్చినప్పుడు మాత్రం దాని చెవులు రెండూ లేచాయి.

"తడిక విరిగితే కొడతారా ఎవరైనా? ఏ తడిక మావా అది?"

"పిల్లల దొడ్డికి పడమటి పక్కది."

"మార్చినాడా, కట్టినాడా?"

"పాత తాడుతో కట్టినాడు. పైన ఆకు కప్పినాడు."

"పాపం. మందను కాసే ఆ కుక్కన్నా నిన్ను పలకరిస్తదా?"

"దానికి తీరికేది అల్లుడూ. పొద్దెక్కితే మంద వెంట పోతది, పొద్దు వాలినాకే రావడం."

మైలన్న మళ్లీ మెడ నొప్పి దగ్గరికి వచ్చాడు. నక్క చెవులు వాలిపోయాయి. కాసేపటికి ఆవులించి, పనుందంటూ లేచి, "ఆ కుంటికాలు జాగ్రత్త మావా" అంది. మైలన్నకు కుంటికాలు లేదు. ఏదో పరాకున అని ఉంటుందిలే అని సర్దుకున్నాడు. ఎన్నాళ్లకో గుండె బరువు దిగిందని హాయిగా నెమరేసుకున్నాడు.

మర్నాడు ఓబులేసు ఆయన్ను నీళ్ల పీపాల బండికి కట్టి తీసుకెళ్లాడు. మధ్యాహ్నం తిరిగొచ్చేసరికి పడమటి తడిక మీది ఆకు చెదిరి ఉంది. తాడు కొరికేసి ఉంది. దొడ్డిలో పిల్లలు ఒక మూల ఒకదాన్నొకటి హత్తుకుని వణుకుతున్నాయి. బొల్లి పిల్ల వాటిలో లేదు.

సాయంత్రం మంద వచ్చింది. బొల్లి పాలతో నిండిన పొదుగుతో పరుగున వచ్చి పిల్లలను ఒక్కొక్కదాన్నీ వాసన చూసింది. మళ్లీ మొదటి నుంచి చూసింది. ఆ తర్వాత ఆమె అరిచిన అరుపు మైలన్న వినలేకపోయాడు. పిల్లను ఎవరు ఎత్తుకుపోయారో ఆయనకు తెలుసు, దారి ఎవరు చూపించారో కూడా తెలుసు. బొల్లి, నక్క అడిగింది ఒక్క మాటే. ఒకరు పిల్లను కాచుకోవడానికి అడిగారు, ఒకరు తినడానికి అడిగారు. తాను ముందు అయ్యో అన్నవాళ్లకే చెప్పాడు.

ఓబులేసు ఆ తడికను బాగుచేయలేదు. దాని వెనక ఇనప తీగ ఉచ్చు పన్ని, ఎప్పటిలాగే ఆకు కప్పాడు. మైలన్న పక్కనే నిలబడి అంతా చూశాడు.

రెండు రోజులకు నక్క మళ్లీ వచ్చింది. "ఒంట్లో ఎట్టా ఉంది మావా?"

మైలన్న ఒక నిశ్చయానికి వచ్చి ఉన్నాడు. ఏదీ దాచడు, ఉన్నదంతా చెబుతాడు. నిజంగా వింటే నక్క బతికిపోతుంది. వినాలని కూడా ఆయన మనసులో ఎక్కడో ఉంది. అప్పుడు కనీసం మొన్న తన గోడు విన్నది అబద్ధం కాదని తెలుస్తుంది.

"మెడ మంట తగ్గలేదు అల్లుడూ. ఓబులేసు నా పక్కనే కూచుని తీగతో ఉచ్చు అల్లతా ఉంటే, ఆ కిరకిరకు కునుకు పట్టలేదు."

"అయ్యో పాపం."

"దాన్ని పన్నేదానికి వంగినప్పుడు నా గిట్ట తొక్కినాడు."

"గిట్టా? పాపం." నక్క చూపు దొడ్డి మీదే ఉంది. చెవులు వాలే ఉన్నాయి.

మైలన్న ఒక అడుగు దగ్గరికి జరిగాడు. గొంతు తగ్గించి మూడోసారి చెప్పాడు. "ఇనప ఉచ్చు అల్లుడూ. మెడకు పడితే నా కాడి కన్నా గట్టిది."

"కాడి బరువు నాకు తెలియదా మావా. అది సరే గానీ, ఆ తడిక మార్చినాడా?"

"మార్చలేదు."

"అదే పక్కన ఉందా?"

"అదే పక్కన."

చెవులు నిక్కబొడుచుకుని నక్క గబగబా దొడ్డి వైపు నడిచింది. ఆకు కదిలింది, తీగ బిగిసింది. గింజుకున్న కొద్దీ ఇంకా బిగిసింది.

"చెప్పలేదే మావా" అంది నక్క, గింజుకుంటూనే.

"చెప్పినాను. నా మెడ గురించి చెప్పేటప్పుడే చెప్పినాను."

ఓబులేసు కర్ర తీసుకుని వచ్చేదాకా మైలన్న అక్కడే నిలబడ్డాడు. ఆయనకు సంతోషం కలగలేదు.

పొద్దు వాలి మంద తిరిగొచ్చాక బొల్లి దగ్గరికి వెళ్లి జరిగిందంతా చెప్పాడు. నువ్వు అడిగితే ముఖం తిప్పుకున్నానన్నాడు. నక్క అడిగితే తానే చెప్పానన్నాడు. ఆమె అడ్డొస్తుందేమోనని మధ్య మధ్య ఆగాడు. బొల్లి అడ్డు రాలేదు. ఏ పక్కన అనలేదు, ఎందుకని అడగలేదు. ఎటో చూస్తూ చివరిదాకా విని, లేచి మందలో కలిసిపోయింది. ఆ తర్వాత మైలన్న ఎంత చెప్పినా అలాగే వినేది.

మన గోడు వినేవాడి చెవులు ఏ మాట దగ్గర లేస్తాయో చూసుకోనివాడు, తన నోటితోనే తనవాళ్లకు చేటు తెస్తాడు.