మంగళవారం సూది పట్టే గాలిగుడ్డమ్మ

గాలిగుడ్డమ్మ తల్లి సన్నిధి పొలిగుండ్ల గ్రామానికి పడమరగా రెండు మైళ్ళ దూరంలో, పాత సైనిక విమానాశ్రయం కొసన ఉన్న మిట్ట మీద వెలసి ఉన్నది. బస్సు కూడలి దగ్గరే ఆగుతుంది. కండక్టరును బతిమాలి లాభం లేదు కనుక అక్కడ దిగి నడవవలెను. ఒకప్పుడు విమానాలు దిగిన సిమెంటు బాట ఇప్పుడు పగుళ్ళిచ్చింది, పగుళ్ళలో తంగేడు మొలిచింది. సైన్యం వారు ఖాళీ చేసి వెళ్ళి ముప్పై ఏళ్ళు దాటింది. మిట్ట ఎక్కగానే మోకాటి ఎత్తు రాయి, దాని పక్కన ఇనుప స్తంభం, స్తంభం మీద ఎరుపు తెలుపు పట్టీల గుడ్డ గొట్టం కనిపిస్తాయి. రాయి అమ్మవారు. ఆ గుడ్డ కూడా అమ్మవారే.

గుడికి కప్పు లేదు. వేయిస్తామని ఇద్దరు దాతలు ముందుకు వచ్చినా ఊరు ఒప్పుకోలేదు. గాలి ఆడని చోట ఈ తల్లి ఉండదని పెద్దల మాట. ఇంత దూరం నడిచి వచ్చి, గోపురం ఏదని ముఖం ముడుచుకునే యాత్రికులు ఏటా ఉంటారు. ఈ చిన్న పుస్తకం ముఖ్యంగా వారి కోసం.

పూర్వం ఇక్కడ ఈ రాయిని మిట్టమ్మ అని పిలిచేవారు. పూర్వమంటే కృతయుగం కాదు, మా నాయన పెండ్లి కాక ముందు రోజులు. మిట్టమ్మకు మంగళవారం ప్రీతి. ఆ రోజు ఊళ్ళో ఎవరూ సూది పట్టేవారు కారు. గుడ్డలో సూది గుచ్చితే అమ్మ ఒంట్లో గుచ్చినట్లేనని నమ్మకం. ఎవరు ఎప్పుడు పెట్టారో తెలియని కట్టుబాటు అది. తెలియనిదానికే భయం ఎక్కువ.

ఆ కాలంలో సైన్యం వారు మిట్ట కింద భూమి చదును చేసి, కుర్ర పైలట్లకు శిక్షణ ఇచ్చే విమానాశ్రయం కట్టారు. మిట్టమ్మ రాయిని మాత్రం కదిలించలేదు. బాట పక్కన ఒక స్తంభం పాతి, దానికి ఈ గుడ్డ గొట్టం వంటిదే కట్టారు. గాలి ఎటు వీస్తే అది అటు చాచుకుంటుంది. తూర్పార పట్టే రైతుకు గాలివాటం ఎంత ముఖ్యమో, దిగే విమానానికీ అంతే. విమానం గాలికి ఎదురుగా దిగితే ఆగుతుంది, గాలి వెనుక నుంచి తోస్తే ఆగదు. పైన ఉన్నవాడి కంటికి ఆ సంగతి చెప్పేది ఈ గుడ్డ ఒక్కటే. ఊరివారు దానిని గాలిగుడ్డ అన్నారు.

ఆషాఢంలో ఒక సోమవారం సాయంకాలం సుడిగాలి లేచి గాలిగుడ్డ చిరిగింది. దానిని చూసుకునే లస్కరు చెన్నరాయుడు మా ఊరివాడే. కొట్టులో ఇంకొక గుడ్డ లేకపోవడంతో, చిరిగినదానినే దించి బొంతలు కుట్టే దూదేకుల పీరమ్మ ఇంటికి తెచ్చాడు. ఆమె చేతి కుట్టు బొంత చిరిగినా విడిపోదని పేరు. పీర్ల చావడికీ మిట్టమ్మకూ ఒకే భక్తితో మొక్కే మనిషి.

“అక్కా, రేపు పొద్దున్నే కావల్ల. విమానాలు లేస్తాయి,” అన్నాడు చెన్నరాయుడు.

“దీపాలు పెట్టినాక సూది పట్టగూడదు గదప్పా. రేపు సూస్తే మంగళారం. బుధారం పొద్దు పొడిసేసరికి ఇస్తా పో,” అన్నది పీరమ్మ.

చెన్నరాయుడు సరేనని వెనుదిరిగాడు. అతడూ ఆ ఊరి బిడ్డే, అతడికీ మిట్టమ్మ అంటే భయమే. అధికారికి చెప్పకుండా, తన తువ్వాలు తీసి స్తంభానికి కట్టాడు. ఒక్క పూటకు ఏమవుతుందిలే అనుకున్నాడు. ఇద్దరిలో ఎవరికీ చెడ్డ తలపు లేదని నేను ఎక్కడైనా ప్రమాణం చేస్తాను.

మంగళవారం ఉదయం గాలి మారింది. రాత్రి జల్లుకు తువ్వాలు తడిసి స్తంభానికి చుట్టుకుపోయి ఉన్నది. తటవర్తి సుదర్శనం అనే పైలట్ ఒంటరిగా ఎగిరి, తిరిగి దిగడానికి వచ్చాడు. ఇరవై రెండేళ్ళవాడు, కోనసీమ పిల్లవాడు. విమానంలో కిందివారితో మాట్లాడే పెట్టె ఆ పూట మూగపోయింది. స్తంభం మీద గుడ్డ కోసం వెతుకుతూ అతడు రెండుసార్లు చుట్టూ తిరగడం పొలాల్లో ఉన్నవారు చూశారు. మూడోసారి దిగాడు. గాలి వెనుక నుంచి తోసింది. బాట అయిపోయింది, విమానం ఆగలేదు. మిట్టమ్మ రాయికి పది బారల దూరంలో గుండ్లకు కొట్టుకుని మండిపోయింది. కలుపు తీస్తున్న ఆడవాళ్ళు కుండలతో నీళ్ళు తెచ్చేసరికి చేయడానికి ఏమీ మిగలలేదు.

పై అధికారులు వచ్చి విచారించారు. “పైలట్ పొరపాటు” అని కాగితం మీద రాసుకుని వెళ్ళారు. పోయినవాళ్ళంతా మంచివాళ్ళే అంటుంది లోకం. ఈ బిడ్డకు ఆ మాట కూడా దక్కలేదు. చెన్నరాయుడు పీరమ్మ ఇంటికి వచ్చి, “నోరు ఇప్పొద్దక్కా, నా కొలువు పోతాది,” అని చేతులు పట్టుకున్నాడు. ఆమె నోరు విప్పలేదు. గాలిగుడ్డ ఆమె ఇంట్లోనే చిరుగుతో పడి ఉన్నది. సైన్యం వారు కొత్తది తెప్పించుకున్నారు కనుక ఎవరూ అడగలేదు, ఆమె ముట్టుకోలేదు.

ఎనిమిదో రోజు, మళ్ళీ మంగళవారం నాడు, సుదర్శనం తల్లి మహాలక్ష్మమ్మ సైన్యం వారి జీపులో వచ్చింది. భర్త లేడు, ఒక్కడే కొడుకు. జీపు మళ్ళీ వచ్చే వరకు కూర్చుంటానని మిట్ట మీద, నల్లబడిన గుండ్ల దగ్గర కూర్చున్నది. ఊరి ఆడవాళ్ళు చుట్టూ చేరారు. పీరమ్మ వెనుక నిలబడింది. ఆ తల్లి ఏడవడం లేదు, కొడుకును తిడుతున్నది.

“వాడికి చిన్నప్పట్నించీ తొందరేనమ్మా. గట్టు చూసుకోకుండా కాలవలోకి దూకేవాడు. చూసుకుని దిగరా అని లక్షసార్లు చెప్పాను. వింటేనా? ఆఖరికి అలాగే చేశాడు వెధవ.”

పీరమ్మ అక్కడ నిలువలేక ఇంటికి వచ్చి, తిండి తినకుండా చాప మీద వాలింది. ఆ పట్టపగటి మాగన్నులో ఆమెకు కల వచ్చింది. కొంగు చినిగిన ముసలామె గడపలో కూర్చుని, “ఇది కుట్టియ్యే పీరీ,” అన్నది. “ఇయ్యాల మంగళారం గదమ్మా, మిట్టమ్మకు కోపమొస్తాది,” అన్నది పీరమ్మ. ముసలామె ఆమెను చూసి, “సూది పట్టొద్దని నీకు నేనెప్పుడు సెప్పినా?” అని అడిగింది. ఆ కళ్ళ నిండా నీళ్ళున్నాయి.

పీరమ్మ ఉలిక్కిపడి లేచింది. గాలిగుడ్డ, సూదీ దారం పట్టుకుని చెప్పులు లేకుండా మిట్టకు పరుగెత్తింది. అందరి ఎదుట మహాలక్ష్మమ్మ కాళ్ళ దగ్గర గుడ్డ పరచింది.

“నీ కొడుకు తప్పు ల్యా తల్లీ. గాలి తెలిపే గుడ్డ నా ఇంట్లో ఉండె. మంగళారమని నేను సూది పట్టల్యా.”

మహాలక్ష్మమ్మ గుడ్డను చేతిలోకి తీసుకున్నది. “చిరుగు ఎంత?” అని అడిగింది.

పీరమ్మ చూపించింది.

“జానెడేనా?”

“జానెడే తల్లీ.”

అప్పుడు ఆ తల్లి ఏడ్చింది. వారం రోజుల ఏడుపు ఒక్కసారిగా ఏడ్చింది. తేరుకున్నాక, “నిన్ను క్షమించానని నా నోట రాదు, నన్ను అడక్కు,” అన్నది. “కానీ చచ్చిన బిడ్డని వారం రోజులుగా తిట్టుకుంటున్నాను. ఆ పాపం నుంచి తప్పించావు. కుట్టు, నేను చూస్తాను.”

పీరమ్మ ఎంత ప్రయత్నించినా దారం సూదిలోకి పోలేదు. మహాలక్ష్మమ్మే ఎక్కించి ఇచ్చింది. ఆ చిరుగు కుట్టడానికి ఎసరు కాగేంత సేపు కూడా పట్టలేదు. అది చూసి అక్కడున్న ఆడవాళ్ళందరూ కొంగులు నోట్లో కుక్కుకున్నారు.

చెన్నరాయుడు తానే అధికారి ముందుకు వెళ్ళి జరిగింది చెప్పి కొలువు పోగొట్టుకున్నాడు. అయినా కాగితం మారలేదు. గుడ్డ ఉన్నా లేకున్నా గాలి తెలుసుకోవలసిన బాధ్యత పైలట్‌దేనని అధికారి చెప్పి పంపాడు. చెన్నరాయుడు ఒక స్తంభం తెచ్చి మిట్టమ్మ పక్కన పాతి, కుట్టిన గుడ్డను దానికి కట్టాడు. ఆనాటి నుంచి మిట్టమ్మ గాలిగుడ్డమ్మ అయింది. మహాలక్ష్మమ్మ పద్నాలుగేళ్ళు, ఒంట్లో ఓపిక ఉన్నంత కాలం, ఆషాఢంలో వచ్చి పీరమ్మ పక్కన కూర్చుని కొత్త గుడ్డ కుట్టి వెళ్ళేది. ఇద్దరూ పెద్దగా మాట్లాడుకునేవారు కారు.

నేటికీ ఇక్కడ పూజ చేసేది పీరమ్మ ఇంటి ఆడవారే. ఆషాఢంలో రెండో మంగళవారం కొత్త గాలిగుడ్డ కుడతారు. వచ్చిన ప్రతివారూ ఒక్క కుట్టు వేయాలి. మగవారు సూది పట్టడం రాదని తప్పుకోరాదు. ఈ తల్లి సంతానం ఇస్తుందని, ఉద్యోగం ఇస్తుందని రాయమని కొందరు నా మీద ఒత్తిడి తెచ్చారు. నాకు తెలియనిది నేను రాయను. రేపు చేద్దామని ఆపిన పని, భయపడి దాచిన మాట ఉన్నవారు ఇక్కడ కుట్టు వేసి, ఆ మాట చెప్పవలసిన వారికి చెప్పి ఇల్లు చేరితే కంటికి నిద్ర వస్తుంది. ఇది నా అనుభవం.

సైన్యం వారి కాగితం ఇప్పుడు ఏ కచేరీలో ఉన్నదో మాకు తెలియదు. అందులో నేటికీ పైలట్ పొరపాటు అనే ఉండి ఉంటుంది. దానిని దిద్దడం మా చేతిలో లేదు. అందుకని గుడ్డ పైకి లేచే వేళ ఇక్కడ గోవిందలు పలుకరు. ఆ బిడ్డ ముఖం ఎన్నడూ చూడని జనమంతా, పిల్లా ముసలీ, గొంతెత్తి మూడుసార్లు “సుదర్శనం తప్పు ల్యా” అంటారు. మీరు వచ్చినప్పుడు మీరూ అనండి.