బల్లి తోకకు కట్టిన మొలతాడు

ఒకప్పుడు బల్లులు మన ఇళ్లలో ఉండేవి కావు. కొండమీద రాళ్ల సందుల్లో ఉండేవి. వాటి తోక ఎంత లాగినా ఊడేది కాదు. అప్పట్లో మాటలు అందరికీ వచ్చేవి. కోడికీ, బల్లికీ, ఇంటి గోడకు కూడా. ఆనాటి మట్టిగోడలకు నోరుండేది, ఎవరేం చెప్పినా వినే ఓపికా ఉండేది.

ఆ కొండ కింద ఊళ్లో నూకాలు అనే పిల్ల ఉండేది. ఒకరోజు వాళ్ల నాన్న తెచ్చిన కట్టెల మోపులోంచి ఒక బల్లిపిల్ల జారిపడింది. వేలెడంత కూడా లేదు. మట్టిరంగు ఒళ్లు, గుండ్రటి కళ్లు. నూకాలు దాన్ని దోసిట్లోకి తీసుకుంది.

"నాయనమ్మా, దీన్ని నేను పెంచుకుంటా!"

"పెంచుకో. దానికేం కావాలో దాన్నే అడుగు," అంది నాయనమ్మ.

నూకాలు అడగలేదు. అడగడం ఎందుకు? పసివాడైన తమ్ముణ్ణి అమ్మ ఎలా సాకుతోందో రోజూ చూస్తూనే ఉంది కదా! అదంతా బల్లికీ చేసింది. మాడుకు ఆముదం పెట్టింది. నుదుట దిష్టిచుక్క పెట్టింది. సాంబ్రాణి పొగ వేసింది. బల్లి తుమ్మింది.

"అయ్యో, జలుబు చేసింది!" అని పాతచీర పేలిక కప్పింది.

నాలుక కొట్టి "చ్చొ చ్చొ చ్చొ" అని పిలుస్తూ పాలబువ్వ తినిపించబోయింది.

"నాకిది వద్దు నూకాలూ. అదిగో, ఆ ఎగిరే దోమ కావాలి," అంది బల్లి.

"ఛీ! దోమలు తింటారా ఎవరైనా? కడుపునొప్పి వస్తుంది."

"పోనీ, కాస్త గోడెక్కి వస్తాను."

"అమ్మో, పడిపోతావ్!"

ఇంకా ఏదో మరిచిపోయానని నూకాలుకు దిగులు. తమ్ముడి మొలతాడు కళ్లబడింది. వెంటనే ఒక నల్లదారం తెచ్చింది. బల్లికి మొల ఎక్కడుందో తెలియక తోక మొదట్లో కట్టింది. ఎక్కడికీ తప్పిపోకుండా రెండో కొసను మంచం కోడుకు ముడేసింది.

నాయనమ్మ బుగ్గ నొక్కుకుంది. "ఓసి నీ ప్రేమ బంగారంగానూ! అది బల్లే, మీ తమ్ముడు కాదు."

"నీకు తెలీదులే నాయనమ్మా. పిల్లల్ని పెంచడమంటే మాటలా?"

బల్లి రోజురోజుకీ చిక్కిపోయింది. నూకాలు మరింత కంగారుపడి ఇంకో పేలిక కప్పింది. బల్లికి మాత్రం ఆ పిల్లంటే ఇష్టం. "చ్చొ చ్చొ" వినబడితే ఎంత నీరసంలోనైనా తలెత్తి చూసేది. అందుకే గట్టిగా ఏమీ అనలేకపోయింది.

ఒక మధ్యాహ్నం నూకాలు నీళ్లకు వెళ్లింది. తలుపు తీసే ఉంది. కోడిపుంజు మెడ సాచి లోపలికి తొంగిచూసింది.

"ఓహో! నాకు భోజనం పెట్టి, అది పారిపోకుండా దారం కూడా కట్టారే!" అంది.

బల్లి పరిగెత్తింది. దారం బిగిసింది.

"గోడమ్మా, గోడమ్మా! నన్ను పట్టుకో!"

"నాకు చేతులెక్కడివే తల్లీ? నువ్వే నన్ను పట్టుకో. ఆ కట్టినదాన్ని అక్కడే వదిలి రా."

"కట్టింది నూకాలు! వదిలేస్తే ఏడుస్తుంది!"

"నువ్వే లేకపోతే ఇంకా ఏడుస్తుంది," అంది గోడ.

పుంజు ముక్కు ఎత్తింది. బల్లి ఊపిరి బిగబట్టి ఒక్క గుంజు గుంజింది. తోక పుటుక్కున తెగింది. తెగిన తోక నేలమీద ఎగిరెగిరి పడుతుంటే పుంజు దాన్నే పొడవబోయింది. ఈలోగా బల్లి గోడ పాకి దూలం పక్కకు చేరింది.

అప్పుడే నూకాలు వచ్చింది. బిందె దించి పుంజును అదిలించింది. తీరా చూస్తే నల్లదారం, దాని చివర ఇంత తోక.

"నాయనమ్మా, నా బల్లి చచ్చిపోయింది! అంత జాగ్రత్తగా చూసుకున్నానే!" అని గోడవారన కూలబడి వెక్కివెక్కి ఏడ్చింది.

నాయనమ్మ వచ్చి పక్కన కూర్చుంది. వీపు నిమిరింది.

బల్లికి పైనుంచి అంతా కనబడుతోంది. 'ఇక్కడున్నాను' అనబోతే ఆయాసంతో గొంతు పెగల్లేదు. అప్పుడు దానికి నూకాలు పిలుపు గుర్తొచ్చింది. నాలుక కొట్టింది.

"చ్చొ చ్చొ చ్చొ."

నూకాలు తలెత్తింది. దూలం పక్కన బల్లి! తోక లేదు. నోట్లో దోమ ఉంది.

ఏడుపుతో ఆ పిల్లకూ మాట రాలేదు. పట్టుకుందామని చేయి చాపబోయి ఆగిపోయింది. ఆ చేతి వేళ్లతోనే నేలమీద టకటకా తట్టింది, విన్నానని చెప్పడానికి.

ఆ సాయంత్రం దీపాన్ని గోడకు దగ్గరగా జరిపి పెట్టింది. పురుగులు మూగాయి. బల్లి కడుపునిండా తింది. 'చాల్లే, అరగదు' అని నోటిదాకా వచ్చిన మాటను నూకాలు మింగేసింది.

కొన్నాళ్లకు బల్లికి కొత్త తోక మొలిచింది. పాతదంత సన్నగా లేదు, కాస్త మొద్దుగా ఉంది. నూకాలుకు అదీ ముద్దొచ్చింది.

"నీకేం కావాలి? కొండకు వెళ్లిపోతావా?" అని ఈసారి అడిగింది.

"గోడమీద ఉంటాను. నువ్వు కనబడుతుంటావు కదా!" అంది బల్లి.

అప్పటినుంచే బల్లులు మన ఇళ్ల గోడలమీద, చేతికి అందనంత ఎత్తున ఉంటున్నాయి. ఎవరైనా పట్టుకుంటే తోక వదిలేసి పోతున్నాయి. మాటలన్నీ మరిచిపోయినా ఆ ఒక్క పిలుపును మాత్రం మరవలేదు. అది వినబడగానే మన ఇళ్లలో పెద్దవాళ్లు ఎంత పనిలో ఉన్నా ఒక్క క్షణం ఆగి, వేళ్లతో నేలను తడతారు.