సూరాంబ అవ్వ నవ్వుల వ్యాకరణం

అనగనగా పొగడపురమనే ఊరు, ఆ ఊరికో రాజు, ఆ రాజుకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడికి కత్తి ఇష్టం, రెండోవాడికి గుర్రం ఇష్టం. మూడోవాడు మణికేతుడికి మాత్రం సూరాంబ అవ్వ బడి అంటే ప్రాణం.

అది వ్యాకరణం బడి. అప్పుడే మొహాలు ముడుచుకోకండి పిల్లలూ, ముందు వినండి. అవ్వ దగ్గర 'నవ్వుల వ్యాకరణం' అని ఒక తాటాకు పుస్తకం ఉండేది. అందులో సూత్రానికో కథ. రెండు అక్షరాలు కలిసి ఒకటి కావడమంటే ఇద్దరు లావుపాటి వియ్యంకులు ఒకే పీట మీద సర్దుకోవడం. వాక్యం చివర గీత అంటే ఎండన పడి వచ్చినవాడికి చలివేంద్రం. పిల్లలు పొట్టలు పట్టుకుని నవ్వేవాళ్లు, ఇంటికి చేరేసరికి పాఠం వచ్చేసి ఉండేది. ఎంత మంచి రోజులవి. ఆ ఊళ్లో కూతురికి తల్లి రాసే ఉత్తరం కూడా పదిమంది అడిగి చదివించుకునేలా ఉండేదట.

తాటాకు మీద గంటంతో గీకితే అక్షరం కంటికి ఆనదు. పైన మసీ ఆకుపసరూ కలిపి రుద్దితేనే తేలుతుంది. ఆ పుస్తకం కోసం అవ్వ గీకేది, చెంగల్వ అనే ఆమె మనవరాలు ఆకులు అందించేది, మసి రుద్దే పని మణికేతుడిది. మూతీ ముక్కూ నల్లగా చేసుకుని కోటకు పోయి రోజూ తల్లి చేత చీవాట్లు తినేవాడు.

ఏళ్లు గడిచాయి. మణికేతుడికి మీసాలొచ్చాక ఒక రోజు పెద్ద సుడిగాలి లేచి, అవ్వనూ పుస్తకాన్నీ ఎత్తుకుపోయింది. ఊళ్లోకి బెత్తం పట్టుకుని కొత్త పంతులు వచ్చాడు. బడిలో నవ్వు పోయింది. పిల్లలు కడుపునొప్పని ఇళ్లలోనే పడుకోవడం మొదలుపెట్టారు.

కొన్నాళ్లకు ఒక హంస తాటాకు ఒకటి తెచ్చి చెంగల్వ ఒడిలో వేసింది. ఆకు మీద ఏమీ లేదు. పెద్దవాడు తిప్పి చూసి, ముసలమ్మకు మతి పోయిందన్నాడు. రెండోవాడు విసనకర్రకు పనికొస్తుందన్నాడు. మణికేతుడు మాత్రం ఆకును వేలితో తడిమి చూశాడు. వేలికి గరుకు తగిలింది. చెంగల్వను మసి తెమ్మన్నాడు. ఇద్దరూ కూర్చుని రుద్దేసరికి అవ్వ చేతిరాత నల్లగా పైకి తేలింది.

అది ఏడు సముద్రాల అవతలి రాగికోట నుంచి వచ్చింది. ఆ కోట, సుడిగాలిని పంపిన కరాళజంఘుడనే మాంత్రికుడిది. వాడికి లోకంలో అన్నీ ఉన్నాయి, చదివేవాళ్లు తప్ప. తన గొప్పలన్నీ పదివేల ఆకుల మీద రాయించుకున్నాడు. అందులో ఆగడానికి చోటు లేదు. మాటకు తల ఒక చోట, తోక ఒక చోట. చదవమంటే భటులు మూడో ఆకుకే సొమ్మసిల్లేవాళ్లు. వచ్చే పున్నమిలోగా దాన్ని చక్కగా దిద్దకపోతే రాతిబొమ్మను చేస్తానని వాడు అవ్వను బెదిరించాడు. అవ్వ ఓపిగ్గా చదివింది. తన ప్రాణం ఏడో గదిలోని చిలుకలో ఉందని తొమ్మిదివేలవ ఆకు మీద వాడే గొప్పగా చెప్పుకున్నాడు. అంతదాకా ఎవరు చదివారు గనక? అవ్వ ఆ సంగతి చిన్న ఆకు మీద గీకి, ఉత్త ఆకే కదా, బతికే ఉన్నానని మనవరాలికి గుర్తుగా పంపుతానని బతిమాలింది. వాడు అటూ ఇటూ తిప్పి చూసి సరేనన్నాడు. పదివేల ఆకులు రాయించాడే గానీ, ఒక్కదానికైనా మసి రుద్దిన చెయ్యి కాదు వాడిది.

మణికేతుడు బయలుదేరాడు. పోగా పోగా సముద్రం అడ్డొచ్చింది. ఒడ్డున ఉన్న ముసలి తాబేలు, దాటిస్తే నాకేమిస్తావని అడిగింది. కథ చెబుతానన్నాడు. వియ్యంకుల కథ విని తాబేలు నవ్విన నవ్వుకు అలలు లేచాయి, ఏడు సముద్రాలూ తెలియకుండానే గడిచాయి. పోగా పోగా రాగిగోడ అడ్డొచ్చింది. గండభేరుండ పక్షికి చలివేంద్రం కథ చెబితే, మీద ఎక్కించుకుని గోడ దాటించింది. పోగా పోగా ఏడో గది తలుపు అడ్డొచ్చింది. పిలవని పెళ్లికి వచ్చి నాలుగు విస్తళ్లు తిన్న అనవసరపు మాట కథ చెబితే, ఒక ఎలుక తనను చూసినట్టే ఉందని మురిసిపోయి తలుపు కొరికి దారి చేసింది.

చిలుక మణికేతుడి చేతికి చిక్కింది. అదే క్షణంలో కరాళజంఘుడు ఒక చేత్తో అవ్వను ఈడ్చుకుంటూ వచ్చాడు. పున్నమి గడువు తీరి, అవ్వ నడుము దాకా అప్పటికే రాయి. రెండో చేతిలోని నవ్వుల వ్యాకరణాన్ని నిప్పుల కుండం మీద పట్టుకుని, చిలుకను వదలకపోతే బూడిద చేస్తానంటూ మొదలుపెట్టాడు. వాడి రాతలాగే మాటకూ ఆగే చోటు లేదు. అలా చెప్పుకుంటూనే పోయాడు.

మణికేతుడు పుస్తకం వైపు చూసి కళ్లు తుడుచుకున్నాడు. తన చిన్నతనమంతా ఆ ఆకుల్లోనే ఉంది. ఇంకో ప్రతి లేదు. అవ్వ అతని మొహంలోకి చూసింది.

"నాయనా, ఇంత దూరం ఎలా వచ్చావు?"

"నీ కథలు చెప్పుకుంటూ వచ్చానవ్వా."

"పుస్తకం చూసి చెప్పావా?"

"లేదవ్వా."

"మరెందుకు ఏడుస్తావు? కానీ."

అతను కళ్లు మూసుకుని చిలుక మెడ తిప్పాడు. మాంత్రికుడు మాట మధ్యలోనే కూలిపోయాడు. పుస్తకం నిప్పుల్లో పడి, చూస్తుండగానే కాలిపోయింది. అవ్వ కాళ్లకు మళ్లీ నెత్తురొచ్చింది.

ఇంటికి వచ్చాక అందరూ సంబరపడ్డారు గానీ, మణికేతుడికి అన్నం సహించలేదు. అప్పుడు చెంగల్వ ఊరూరా దండోరా వేయించింది. అవ్వ దగ్గర చదువుకున్నవాళ్లు తలా ఒక కథ గుర్తు చేసుకుని వచ్చి చెప్పాలని. పొలాల నుంచి రైతులొచ్చారు, రేవుల నుంచి పడవవాళ్లొచ్చారు, అత్తవారిళ్ల నుంచి ఆడపడుచులొచ్చారు. పీట మీద కూర్చున్నది వియ్యంకులా, తోడికోడళ్లా అని ఇద్దరు తాతలు జుట్టూ జుట్టూ పట్టుకోబోయారు. చెప్తున్న కొద్దీ చెంగల్వ రాసింది, మణికేతుడు మసి రుద్దాడు. అవ్వ మంచం మీద పడుకుని వింది.

చివరి రోజున ఒక కుమ్మరి కథ చెప్పాడు. అవ్వ లేచి కూర్చుని, ఇది నేను చెప్పలేదురా అంది. కుమ్మరి తల గోక్కున్నాడు. పిల్లలకు చెప్పీ చెప్పీ నీదే అనుకున్నానవ్వా, కొట్టేయించమన్నాడు. చెంగల్వ గంటం ఆగింది.

"కొట్టేయకు తల్లీ. మొదటి ఆకు మీద అదే రాయి," అంది అవ్వ. ఆ పూట ఆమె నవ్వినంతగా ఎప్పుడూ నవ్వలేదని ఊరంతా చెప్పుకున్నారు.

ఆ ఏడే మణికేతుడికీ చెంగల్వకూ పెళ్లయింది. అన్నలిద్దరూ కత్తితో, గుర్రంతో ఊరేగింపు నడిపించారు. మణికేతుడు రాజై యాభై ఏళ్లు చల్లగా ఏలాడు. అవ్వ పోయాక ప్రతి ఉదయం తనే బడిలో కూర్చునేవాడు. ఏ కథ చెప్పినా, అవ్వ చెప్పిందర్రా అనే మొదలుపెట్టేవాడు, అవ్వ చెప్పనివి కూడా.