మూడు కాళ్ళ సన్నికల్లు

అనగనగా అంటే ఎప్పుడు తాతయ్యా అని నిలదీస్తారు మీరు, అందుకే ముందే తేదీ చెప్పేస్తున్నా. 1998 మే 4, సోమవారం. పొద్దున్న ఎండ, మధ్యాహ్నానికి తొలకరి. ఊరు గ్వాటెమాలా దేశంలో, కొండల మీద. రెండు అమెరికాలకీ నడుము దగ్గర ఉంటుంది ఆ దేశం.

ఆ ఊళ్ళో పెత్రోనా అని ఒక ముసలావిడ. ఆవిడకి ఒక కొడుకు, ఒక కూతురు, ఒక కోడలు, ఒక సన్నికల్లు. మన వంటింట్లోదాని లాంటిదే, కాకపోతే దానికి మూడు కాళ్ళు. మొక్కజొన్న గింజల్ని సున్నపు నీళ్ళలో ఉడికించి, మోకాళ్ళ మీద కూర్చుని దానిమీద నూరాలి. సున్నమా అని మొహం అలా పెట్టకే చిన్నీ, మీ అమ్మమ్మ తమలపాకుకి రాసుకునేది కాదూ!

ఆ రాయి ఎప్పటిదనుకున్నారు? ఆకాశమంత గుళ్ళు కట్టిన మాయా రాజుల నాటిది. రాజభటులొచ్చి ఇంట్లో పచ్చరాళ్ళు పట్టుకుపోయారు. ఇంకేముందన్నారు. సన్నికల్లుందంది ఇల్లాలు. అదెవడిక్కావాలన్నారు. రాజులు పోయారు, రాయి ఉంది. గుర్రాలెక్కి స్పెయిన్ వాళ్ళొచ్చారు. భూములు తీసుకున్నారు, పాత పేర్లు తీసేసి కొత్త పేర్లు పెట్టారు. ఇంకేముందన్నారు. సన్నికల్లు. అదెవడిక్కావాలి! మూడొందల ఏళ్ళకి వాళ్ళూ పోయారు, రాయి ఉంది. స్వతంత్రం వచ్చింది, వెనకే కాఫీ దొరలొచ్చారు. మగవాళ్ళని తోటల్లోకి తోలుకుపోయారు. ఇంకేముందన్నారు... ఊ కొడుతున్నారా? ఆఁ, సన్నికల్లు!

తరవాత యుద్ధం. ముప్ఫయ్యారేళ్ళు. సొంత సైన్యమే ఇళ్ళు తగలబెట్టింది. పెత్రోనా మొగుణ్ణి తీసుకుపోయారు, ఆయన తిరిగి రాలేదు. ఆవిడ కొండల్లోకి పారిపోతూ రాయిని పెరట్లో పాతిపెట్టింది. సంధి కుదిరాక వచ్చి తవ్వుకుంది.

ఇదిగో, మన సోమవారం వచ్చేసింది. పట్నంలో మ్యూజియం నుంచి గొడుగేసుకుని ఒక ఆఫీసరొచ్చాడు. రాయిని చూసి కళ్ళింత చేసుకున్నాడు. అద్దాల పెట్టెలో పెడతామన్నాడు. విచిత్రం చూడండి, ఇన్ని వందల ఏళ్ళలో ఆ రాయి కావాలన్న మొదటి మనిషి! ఊళ్ళో పిండిమర ఉందిగా, ఇచ్చేద్దాం అన్నాడు కొడుకు. మనకెంత పేరో అంది కూతురు. పెత్రోనా రాయిని రెండు చేతులా పట్టుకుని కూర్చుంది, అంతే. అధికారులడిగితే వద్దనడం ఆ ఇంట్లో ఎవరూ నేర్చుకోలేదు మరి.

అప్పుడు కోడలు కాందెలారియా వచ్చింది.

"పట్టుకెళ్ళండి సార్. కాకపోతే మా ఇంటి ఆచారం ఒకటుంది. రాయి కావాలన్నవాళ్ళు ముందు ఒక కుండెడు గింజలు మెత్తగా నూరాలి. కాపురానికొచ్చిన రోజు నేనూ నూరాను."

మంచివాడే పాపం, నవ్వి కోటు విప్పాడు. రెండు గుప్పిళ్ళకే నడుం పట్టేసింది. పిండి చూస్తే ఇసక.

"ఇది మా కోళ్ళు కూడా తినవు సార్," అంది కాందెలారియా.

ఆయన గోడ పట్టుకుని లేచాడు. "అద్దాల పెట్టెలో దీనిమీద నూరేదెవరమ్మా?" అని తనే అడిగాడు, తనే తల అడ్డంగా ఊపాడు. మిగతా గింజలు కోడలు నూరి రొట్టెలు చేస్తే ఆరు తిని, రాయి అక్కడే వదిలేసి వానలోనే వెళ్ళాడు.

కథ కంచి దారి పట్టింది, మనం పంపకాలు చూసుకుని పక్కెక్కుదాం. ఆ సాయంత్రమే చెప్పేసింది పెత్రోనా. చేను కొడుక్కి. మగ్గం కూతురికి. సన్నికల్లు కోడలికి. ఆఫీసరుకి ఏడాదికోసారి ఆరు రొట్టెలు. రాజులకీ, గుర్రాలవాళ్ళకీ, కాఫీ దొరలకీ, తుపాకులవాళ్ళకీ ఏమీ లేదు.