బీరగొండ చేతికట్టె

అనగా అనగా, గుట్టల అవతల ఒక ఊరట. ఆ ఊళ్ళో మనుషులు కొంతమంది, గొర్రెలు ఎంతోమంది. గొర్రెల్ని పట్టుకుని మంది అంటారా అని నవ్వకు. నేను అలాగే అంటాను. వాటితో బతికినవాళ్ళకి అవీ ఇంటి మనుషులే.

పిల్లి రాలేదులే బిడ్డా. కోడి గంప కింద గుడ్ల మీదే కూర్చుని ఉంది. నువ్వు ఇప్పటికే రెండుసార్లు లేచి చూసి వచ్చావు. ఆ టార్చి లైటు వదలనంటే వదలకు, పట్టుకునే పడుకో. దుప్పటి మెడదాకా లాక్కో. ఆ, అలా.

ఆ ఊళ్ళో బీరగొండ అని ఒక గొర్రెల కాపరి ఉండేవాడు. అతని భార్య సాయవ్వ. వాళ్ళకో మంద. మందకో కుక్క. కుక్క పేరు పులిగాడు. పేరుకే పులి, పిల్లి కనబడితే తోక ముడుచుకునేది.

పంట కోతలయ్యాక రైతులు బీరగొండని పిలిచేవాళ్ళు. మా చేన్లో మంద పెట్టు అని అడిగేవాళ్ళు. మంద పెట్టడమంటే ఏమనుకున్నావు? రాత్రిళ్ళు గొర్రెలన్నిటినీ ఒకరి చేన్లో పడుకోబెట్టడం. తెల్లారేసరికి చేనంతా ఎరువు. ఆ ఎరువుతో మరుసటి పంట నల్లగా, ఏపుగా వస్తుంది. అందుకని ఎవరి వంతు ఎప్పుడో ముందే అనుకునేవాళ్ళు. వంతు తప్పితే ఊళ్ళో పెద్ద గొడవే.

బీరగొండ మంద పక్కనే గొంగడి పరుచుకుని పడుకునేవాడు. పడుకున్నాడంటే గుట్ట దొర్లినా లేచేవాడు కాదు. అలాంటి నిద్ర అతనిది.

అలా ఉండగా ఒక రాత్రి తోడేలు వచ్చింది. నుదుటి మీద తెల్ల చుక్క ఉన్న గొర్రెపిల్లని ఎత్తుకుపోయింది. పులిగాడు అరిచాడట, బీరగొండ లేవలేదు. తెల్లారి తల్లిగొర్రె అతని దగ్గరికి వచ్చి చేతులు వాసన చూసింది. గొంగడి వాసన చూసింది. తర్వాత అతని మొహంలోకి చూసి అరిచింది.

అప్పుడు బీరగొండ ఒక మాట అనుకున్నాడు. ఇక నేను నిద్రపోను అనుకున్నాడు. అన్నాడంటే అన్నాడే. మొండిమనిషి.

చేతికట్టె పట్టుకుని మంద చుట్టూ తిరుగుతూ ఒక రాత్రి మేలుకున్నాడు. ఆ తర్వాత ఇంకో రాత్రి. అలా ఎన్నో రాత్రులు. కొన్ని నెలలకి ఒళ్ళు నొప్పులు పుట్టి, కాసేపు కన్ను మూద్దామని పడుకున్నాడు. నిద్ర రాలేదు. ఇటు తిరిగాడు. రాలేదు. అటు తిరిగాడు. రాలేదు. నిద్రమ్మకి కోపం వచ్చిందన్నమాట. నన్ను వద్దన్నావుగా, ఇప్పుడెందుకు పిలుస్తున్నావు అని అలిగి ఎటో వెళ్ళిపోయింది.

అప్పటినుంచి అంతా తికమక. పొద్దున్నే లేచి ఇంకా తెల్లారలేదేమని సాయవ్వని అడిగేవాడు. ఎండలో నిలబడి మరీ అడిగేవాడు. కుక్కని పట్టుకుని సాయవ్వా అని పిలిచేవాడు. సాయవ్వని పట్టుకుని పులిగా అని పిలిచేవాడు. పిలుపుకి పులిగాడు తోక ఊపేవాడు, సాయవ్వ మాత్రం మూతి తిప్పుకునేది. పగలు తుమ్మచెట్టు కింద కూర్చుంటే తల వాలిపోయేది. ఆ కునుకులో గొర్రెలు ఎటు పోయేవో అతనికి తెలిసేది కాదు.

అలాంటి తికమకలో ఒక సాయంత్రం మందని తోలుకుపోయి రాజవ్వ చేన్లో పెట్టాల్సింది బాల్‌రెడ్డి చేన్లో పెట్టాడు. రాజవ్వది చవుడు నేల. మంద కోసం ఏడాదిగా ఎదురుచూస్తోంది. కాపరికి పెట్టడానికని అన్నం కూడా వండుకుని చేన్లో కూర్చుంది. మంద రాలేదు. తెల్లారి చూస్తే పక్క చేన్లో బాల్‌రెడ్డి ఎరువు చూసుకుని మీసం దువ్వుకుంటున్నాడు. అడగకుండానే దేవుడు పంపాడని నలుగురికీ చెప్పుకున్నాడు.

రాజవ్వ అరవలేదు. బీరగొండ ఇంటి ముందు నిలబడి ఒకటే మాట అడిగింది.

"అన్నా, నా చేను నీ కంటికి కనబడలేదా?"

బీరగొండ తల వంచుకున్నాడు. ఇవాళ నీ చేన్లోనే పెడతా చెల్లే అన్నాడు. ఆ సాయంత్రం మళ్ళీ బయల్దేరి, దారిలో నడుస్తూనే కునికి, ఈసారి జొన్న మొలకల్లోకి తోలాడు. ఆ చేను ఊరి పెద్ద మల్కయ్యది. పొద్దున మల్కయ్య వచ్చేసరికి మొలకల్లేవు, డెక్కల గుర్తులే ఉన్నాయి. ఊరు అదిరేలా కేకలేశాడు.

అప్పుడు పెద్దలు కూర్చున్నారు. బీరగొండ మంచివాడే, కానీ నిద్రలేని మనిషి చేతిలో మంద ఉంటే ఊరు ఆగమవుతుందన్నారు. అమావాస్య దాకా గడువు పెట్టారు. ఈలోపు నిద్రపోయి మామూలు మనిషివైతే సరే. అమావాస్య తెల్లారి మేము వచ్చి చూస్తాం. అప్పటికీ ఇలాగే ఉంటే మందని నీ తమ్ముడు చిన్నగొండకి అప్పగిస్తాం అన్నారు.

చిన్నగొండ చెడ్డవాడు కాదు. కానీ ఏ గొర్రె ఎవరి బిడ్డో, ఏది కుంటుతుందో, ఏది ఉరుముకి భయపడుతుందో బీరగొండకే తెలుసు. మంద పోతే తనకింక ఏముందని అతని దిగులు. ఆ దిగులుతో వచ్చే కాస్త కునుకు కూడా రాకుండా పోయింది.

నిద్రపోయావా? లేదా. టార్చి వెలిగించకు, కళ్ళు గుచ్చుకుంటాయి. విను.

అప్పుడు ఊళ్ళోవాళ్ళంతా సలహాలు చెప్పడం మొదలుపెట్టారు. పొరుగింటి పోచవ్వ వచ్చింది. అరికాళ్ళకి నెయ్యి రాసుకుంటే చల్లబడి నిద్ర వస్తుందంది. బీరగొండ రాసుకున్నాడు. కట్టె గుండెల మీద పెట్టుకుని పడుకున్నాడు. పులిగాడికి నెయ్యి వాసన తగిలింది. రాత్రంతా అరికాళ్ళు నాకుతూనే ఉన్నాడు. చక్కిలిగింతలతో బీరగొండ తెల్లవార్లూ నవ్వాడు. నవ్వు రావడం లేదుగానీ నవ్వాడు. కుక్క మాత్రం మర్నాడు పగలంతా హాయిగా పడుకుంది.

ఆ తర్వాత కుండలు చేసే ఎంకటి వచ్చాడు. ఆకలి కడుపుకి నిద్ర రాదు, నిండా తిను అన్నాడు. బీరగొండ జొన్న రవ్వతో వండిన గటక మీద గటక పోసుకుని తిన్నాడు. మజ్జిగ తాగాడు, పైన ఉల్లిగడ్డ కొరికాడు. ఒక చేత్తో కట్టె పట్టుకుని రెండో చేత్తోనే అదంతా తిన్నాడు. కడుపు కుండలా అయింది. ఎడమవైపు తిరగలేడు, కుడివైపు తిరగలేడు. వెల్లకిలా పడుకుని ఆకాశం చూస్తూ తెల్లవార్చాడు.

ఆ తర్వాత మల్కయ్యే స్వయంగా వచ్చాడు. మొలకలు పోయినా మనిషి మీద జాలి ఉంది. తల ఉత్తరానికి పెట్టి పడుకుంటున్నావేమో, మార్చి చూడు అన్నాడు. ఆ రాత్రి మబ్బు పట్టింది. ఒక్క చుక్క కనబడదు. ఏది ఉత్తరమో బీరగొండకి తెలియలేదు. గొంగడి ఇటు పరిచాడు, అనుమానం వచ్చింది. అటు పరిచాడు, ఇంకా అనుమానం వచ్చింది. కట్టెతో గీత గీసి చూశాడు. రాత్రంతా గొంగడి పట్టుకుని గుండ్రంగా గానుగెద్దులా తిరిగాడు. గొర్రెలు కూడా నిద్ర మానేసి అతనివైపే చూశాయి.

ఆ తర్వాత మూడూ కలిపి చేశాడు. ఆ సంగతి నేను చెప్పను, అది తలుచుకుంటే నాకే జాలేస్తుంది.

అమావాస్య వచ్చింది. మర్నాడు పెద్దలు వస్తారు. ఆ సాయంత్రం మందని తోలడానికి సాయవ్వ కూడా వెంట బయల్దేరింది. పగలంతా అతన్ని కునకనివ్వలేదు. కళ్ళు వాలితే చాలు, ఈ దూడని కట్టు, ఆ తడిక బిగించు అని లేపింది. పొద్దు గుంకకముందే కాసిన్ని వేడి గటక పెట్టింది. కడుపు నిండకముందే గిన్నె తీసేసింది. మంద రాజవ్వ చేన్లోకే చేరింది. రాజవ్వ హద్దు మీద నిలబడి, ఒక్కో గొర్రె లోపలికి వస్తుంటే దేవుడి పల్లకి చూసినట్టు చూసింది.

చీకటి పడింది. మబ్బు లేదు, చుక్కలు బాగా కాశాయి. బీరగొండ గొంగడి మీద పడుకున్నాడు. సాయవ్వ పక్కన కూర్చుని అతన్నే చూసింది. నెయ్యి రాసుకున్నప్పుడు చూసింది, గటక తిన్నప్పుడు చూసింది, గొంగడి పట్టుకుని తిరిగినప్పుడూ చూసింది. అన్నిసార్లూ చూసి కూడా అందరూ వదిలేసింది ఒకటుంది. అది ఇప్పుడు ఆమె కంటపడింది. తోడేలు వచ్చిన రోజు నుంచి బీరగొండ చేతిలోంచి ఆ కట్టె కింద పడలేదు. పట్టీ పట్టీ అరచేయి కాయ కాసింది.

"ఆ కట్టె ఇటియ్యి," అంది సాయవ్వ.

"తోడేలు వస్తే?"

"నేను కొడతా."

"నువ్వు కునికితే నీకు చప్పుడు వినబడదే."

సాయవ్వ చుక్కలవైపు చూస్తూ నెమ్మదిగా అంది. "లగ్గమైన కాడినుంచి నీ గురక వింటున్న. ఆ గురకలో కూడా దొడ్డిలో గొర్రె ఈనుతుంటే లేచిందెవరు?"

లేచింది ఎప్పుడూ ఆమే. అతనికీ తెలుసు.

అయినా మొండిమనిషి కదా. కట్టె ఇచ్చాడు గానీ ఒక కొన వదల్లేదు. ఈ కొన అతని చేతిలో, ఆ కొన ఆమె చేతిలో. గొల్లకావడి చుక్కలు నడినెత్తికి వచ్చేదాకా నువ్వు పడుకో, వచ్చాక లేపుతా, అప్పుడు నేను పడుకుంటా అని సాయవ్వ చెప్పింది. గొల్లకావడి అంటే ఒకే వరసలో ఉంటాయి చూడు మూడు చుక్కలు, అవి. బీరగొండ అవి ఎక్కడున్నాయో చూస్తూ పడుకున్నాడు.

కాసేపటికి కట్టె మీద అతని చిటికెన వేలు వదులైంది. ఆ తర్వాత మిగతా వేళ్ళు. ఆ తర్వాత కట్టె మొత్తం సాయవ్వ ఒళ్ళోకి వచ్చేసింది. ఎన్నాళ్ళకో ఆ చేన్లో గురక వినబడింది. అలిగి వెళ్ళిన నిద్రమ్మ చేను గట్టు మీదే కూర్చుని ఉందేమో మరి.

నడిరాత్రి పులిగాడు గుర్రుమన్నాడు. సాయవ్వ లేచి కట్టెతో రాయి మీద గట్టిగా కొట్టింది. తుప్పల్లో ఏదో కదిలి వెళ్ళిపోయింది. బీరగొండ లేవలేదు. గొల్లకావడి నడినెత్తికి వచ్చింది, దాటింది కూడా. సాయవ్వకి అతన్ని లేపబుద్ధి కాలేదు.

తెల్లారింది. మల్కయ్య, ఇంకో ఇద్దరు పెద్దలు వచ్చారు. చూస్తే మంద రాజవ్వ చేన్లోనే ఉంది. సాయవ్వ కట్టె పట్టుకుని నిలబడి ఉంది. బీరగొండ నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. మొలకల కోసం అంత కేకలేసిన మల్కయ్య, పక్కవాడు దగ్గబోతే చేత్తో వాడి నోరు మూశాడు. పెద్దలు ముగ్గురూ గట్టు మీద కూర్చుని, అతను లేచేదాకా ఆగారట.

ఎండ మొహాన పడ్డాక బీరగొండ లేచాడు. చేతిలో కట్టె లేదు. గాభరాగా చుట్టూ చూశాడు.

"ఇది పొద్దునా, సాయంత్రమా?" అన్నాడు.

"పొద్దునే," అంది సాయవ్వ.

"గొర్రెలు? ఏదైనా తక్కువైందా?"

"తక్కువ కాలే. ఒకటి ఎక్కువైంది."

అని కొంగు తీసి చూపించింది. లోపల ఇంకా తడి ఆరని గొర్రెపిల్ల. రాత్రి ఆ తల్లిగొర్రే ఈనింది. ఏ గొర్రె అంటావా? బీరగొండ మొహంలోకి చూసి అరిచిందే, అదే. పిల్ల నుదుటి మీద చుక్క ఉందా? లేదు. ఉందని చెబితే నీకు బాగుంటుంది గానీ, లేదు. ఒళ్ళంతా నల్లగా ఉంది. తల్లి వచ్చి దాన్ని నాకింది. తర్వాత బీరగొండ చేయి కూడా నాకింది, కాయ కాసిన చోట.

పెద్దలు మంద సంగతే ఎత్తలేదు. మల్కయ్య మాత్రం వెళ్తూ వెళ్తూ, వచ్చే ఏడు మంద మొదటి వంతు నాదే బీరగొండా, గుర్తుపెట్టుకో అన్నాడు.

అప్పటినుంచి వాళ్ళిద్దరూ రాత్రిని పంచుకున్నారు. గొల్లకావడి ఎక్కేదాకా ఒకరు, దిగేదాకా ఒకరు. కట్టె చేతులు మారుతుండేది. కట్టె ఎవరి చేతిలో లేకపోతే వాళ్ళు గురకపెట్టేవాళ్ళు.

అదీ సంగతి. ఇప్పుడు ఆ టార్చి ఇటివ్వు బిడ్డా. గంపకి ఈ పక్కనే నా మంచం. పిల్లి వస్తే నేను అదిలిస్తాను. పిల్లలు గుడ్డు పగలగొట్టుకుని బయటికొస్తే మొదట నిన్నే లేపుతాను. ఒక కొన పట్టుకుంటావా? సరే, పట్టుకో.

కట్టె సాయవ్వ చేతికి, టార్చి అమ్మమ్మ చేతికి,
మంద తెల్లారి మేతకి, నిద్ర బిడ్డ కంటికి,
కథ నడిచె కంచికి, మనం చేరాం ఇంటికి.