కుదురు లేని గాజుతొట్టి

అనగనగా, ఎవరి తాతకూ గుర్తులేనంత కిందట, గాజులదిబ్బ అనే పట్నంలో కనకలింగం శెట్టి అనే వర్తకుడు ఉండేవాడు. మనసు వెన్న. కాళ్లూ చేతులూ మాత్రం క్షణం ఊరుకోవు. పైగా తెలియనిది ఒకరిని అడగాలంటే మహా నామోషీ.

ఒక వేసవిలో కాలువ ఎండిపోయింది. బురదలో రెండు చేపపిల్లలు కొట్టుకుంటుంటే, అయ్యో పాపమని కడవలో వేసి ఇంటికి తెచ్చాడు శెట్టి.

“శెట్టిగారూ, ప్రాణం నిలబెట్టారు. కానీ ఈ కడవ మాకు ఇరుకు. ఇందులో ఎన్నాళ్లో బతకలేం,” అంది అక్కచేప.

“అదెంత పని! గాజుతొట్టిలో పెడతాను,” అన్నాడు శెట్టి.

తొట్టి అడుగున చెరువుమట్టి పరిచాడు. పైన ఇసుక పోశాడు. నాలుగు నీటిమొక్కలు నాటి, నీళ్లు నింపాడు. నీళ్లు కాస్తా కుడితిలా అయ్యాయి! అందులో చేపల్ని ఎలా వదలాలో శెట్టికి పాలుపోలేదు.

అప్పుడే చేపలమ్మే నూకాలు గంప నెత్తిన పెట్టుకుని వీధిలో పోతోంది. వాకిట్లోంచి తొంగిచూసి, “అన్నీ బాగానే ఉన్నాయి గానీ శెట్టిగారూ, కుదురే లేదు,” అని నవ్వుకుంటూ సాగిపోయింది.

కుదురా? ఏ కుదురు? పిలిచి అడుగుదామనుకున్నాడు. ఇంత వర్తకుడికి ఈ మాత్రం తెలియదా అంటుందేమోనని ఊరుకున్నాడు.

“ఆఁ! కుండ కింద పెట్టే చుట్టకుదురు అయ్యుంటుంది,” అనుకున్నాడు. గడ్డితో పెద్ద కుదురు చుట్టి, నలుగురి చేత తొట్టి ఎత్తించి దానిమీద పెట్టించాడు. ఆ కుదుపుకి అడుగుమట్టి అంతా పైకి లేచింది.

నాలుగు రోజులు చూశాడు. “కాదు కాదు, మొక్కల కుదుళ్లు!” అంటూ మొక్కలన్నీ పీకి, వేళ్లు తడిమి చూసి, మళ్లీ నాటాడు. ఆకులు కుళ్లి వాసన కొట్టాయి.

“ఛ, ముహూర్తమే కుదరలేదేమో!” అని పురోహితుణ్ణి పిలిపించాడు. ఆయన పెట్టిన ఘడియకు నీళ్లన్నీ తోడిపోసి కొత్తనీళ్లు నింపాడు. మళ్లీ కుడితే!

శెట్టి తల పట్టుకున్నాడు. చేసేకొద్దీ చెడుతోంది. ఎందుకో అంతు చిక్కడం లేదు.

“శెట్టిగారూ, చెల్లి పక్కకు ఒరిగిపోతోంది,” అని కడవలోంచి ఏడ్చింది అక్కచేప. “మీకు తెలియకపోతే తెలిసినవాళ్లని అడగరాదా?”

శెట్టి చెప్పులైనా వేసుకోకుండా పరిగెత్తాడు. నడిబజారులో, అందరూ చూస్తుండగా నూకాలు ముందు నిలబడ్డాడు.

“నాకు తెలియదు నూకాలూ! కుదురంటే ఏమిటి? చేపపిల్ల చచ్చిపోతోంది!”

ఎవరూ నవ్వలేదు. నూకాలు గంప దించి వెంటనే వచ్చింది. కడవలో సగం నీళ్లు తీసి చెరువునీళ్లు పోసింది. చెల్లిచేప మెల్లగా తేరుకుంది.

“అయ్యో నా తండ్రీ! కుదురు లేనిది తొట్టికి కాదు, మీ చేతులకి!” అంది నూకాలు. “మట్టి అడుక్కి దిగాలి, మొక్క వేరు పట్టాలి. నెల్లాళ్లు తొట్టి జోలికి పోకండి. కడవలో మాత్రం రోజూ కాసిని నీళ్లు మార్చండి.”

“అంతేనా?” శెట్టి తెల్లబోయాడు.

“అంతే. ఆనాడే అడిగుంటే చెప్పేదాన్ని కదా!”

నెల్లాళ్లు శెట్టి చేతులు కట్టుకు కూర్చున్నాడు. ఎంత కష్టపడ్డాడో ఆయనకే తెలియాలి! నీళ్లు తేటపడ్డాయి. మొక్కలు చిగురు వేశాయి. అక్కాచెల్లెళ్లు తొట్టిలో దిగి హాయిగా ఈదసాగాయి.

ఒక మొక్క కాస్త వంకరగా కనబడింది. శెట్టి చెయ్యి చాచాడు. అంతలో ఆగి, “దీన్ని సరిచేయవచ్చా అమ్మా?” అని చేపల్ని అడిగాడు.

“వద్దండీ,” అన్నాయి చేపలు రెండూ.

శెట్టి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

తెలియనిది అడగడంలో చిన్నతనం లేదు పిల్లలూ. అడగకుండా చేసే మేలు, ఎంత ప్రేమతో చేసినా, కీడై కూర్చుంటుంది.