పదో సిలిండరు

ఏసుపాదం ఎడమ చెంప ఇంకా మండుతూనే ఉంది. పొద్దున ఎనిమిదింటికి మస్తాన్‌బీ కొట్టింది. వీధి మొత్తం చూసింది.

బందరు రేవు దగ్గర ఏసుపాదం పనిచేసే ఐసు ఫ్యాక్టరీ వెనక గోడను ఆనుకునే ఆమె ఇల్లు. తెల్లవారుజామున మిషను గదిలోంచి, ఐసు గడ్డకట్టించే అమోనియా గ్యాసు కారి, గాలివాటున ఆ వీధిలోకి పోయింది. జనం కళ్లు మండి, దగ్గుకుంటూ బయటికి పరుగెత్తారు. మస్తాన్‌బీ కూతురు పద్దెనిమిది రోజుల పసిగుడ్డును కొంగులో చుట్టుకుని పెద్దరోడ్డు దాకా వెళ్లి ఆగింది. బిడ్డకేం ఫరవాలేదని డాక్టరు చెప్పాక, మస్తాన్‌బీ తిన్నగా ఫ్యాక్టరీకి వచ్చింది. గేటు దగ్గర ఎదురైన మొదటివాడు ఏసుపాదం.

"పైపులు పాతబడ్డాయమ్మా. మేమేం చేస్తాం?" అన్నాడతను.

ఆ మాటకు పడింది దెబ్బ. రెండోది పడేదే. ఎవరో ఆమె చెయ్యి పట్టుకున్నారు.

ఆరేళ్లుగా అతను నాంచారయ్య మేస్త్రి దగ్గర మిషన్ల పని నేర్చుకుంటున్నాడు. ముప్పై ఏళ్లవాడు, పెళ్లైనవాడు. చెంప మీద దెబ్బ తిని ఊరుకునే వయసు కాదు, తిరిగి కొట్టగలిగిన మనిషీ కాదు. ఆ కోపమంతా మోసుకుని మేస్త్రి దగ్గరికొచ్చాడు.

నాంచారయ్య, రొయ్యలు చల్లగా నిలవుంచే రొయ్యల గది వెనక నీడలో, ఒక ఖాళీ గ్యాసు సిలిండరు మీద కూర్చుని టీ తాగుతున్నాడు. అక్కడ అందరూ కూర్చునేది వాటిమీదే. మధ్యాహ్నం అన్నం తినేదీ వాటిమీదే.

"ఈ దరిద్రపు అమోనియా మనకొద్దు మేస్త్రి గారూ. పీకి పారేద్దాం."

"పీకి?"

"రొయ్యల గదిలో ఉందే, ఆ గ్యాసు పెట్టిద్దాం. మూడేళ్లైంది. వాసనా లేదు, వీధివాళ్ల గొడవా లేదు. ఒక్కడు ఒక్కమాట అన్నాడా?"

"అన్లేదు" అన్నాడు మేస్త్రి.

సంగతి అప్పటికే సగం తేలిపోయింది. యజమాని భావనారాయణ గదిలో, ఆ గ్యాసుతో నడిచే కొత్త మిషన్ల ఏజెంటు కాగితాలతో కూర్చుని ఉన్నాడు. సాయంత్రం నాలుగింటికి సంతకం. అయితే మేస్త్రి ఊ అంటేనే పెడతానన్నాడు యజమాని. మేస్త్రి మాత్రం, "నన్నెందుకు అడగటం? ఏసుపాదాన్ని అడగండి. చెంప వాడిది" అని వచ్చేశాడు.

"నేను చెప్పాల్సింది చెప్పాను" అన్నాడు ఏసుపాదం. "మీరూ ఆ మాటే అనండి."

మేస్త్రి టీ గ్లాసు కింద పెట్టాడు. "ఈ ఖాళీ సిలిండర్లన్నీ గేటు దగ్గరికి మొయ్యి. వరసగా నిలబెట్టు."

"ఇప్పుడా?"

"ఇప్పుడే."

మేస్త్రికి కోపమొస్తే గొంతు పెరగదు, తగ్గుతుంది. ఇప్పుడు బాగా తగ్గింది. ఏసుపాదం పళ్లు నూరుకుంటూ మోశాడు. కొన్నిటిమీద గోనెపట్టాలు పరిచి ఉన్నాయి. ఒకదాని మీద ఎవరో పులిజూదం గళ్లు గీశారు. ఎండ నడినెత్తికి వచ్చింది. చొక్కా వీపుకి అంటుకుపోయింది. గేటు ఇవతల వరసపెట్టి లెక్క చూసి, తిరిగొచ్చాడు.

"తొమ్మిది."

మేస్త్రి లేచి నిలబడి, తను కూర్చున్న సిలిండరును కాలితో ముందుకు తోశాడు.

"పది."

ఏసుపాదం దాన్నీ మోశాడు. మేస్త్రి వెనకే వచ్చి ఆ వరస ముందు ఆగాడు.

"రొయ్యల గది మిషనులో ఎంత గ్యాసు పడుతుంది?"

"ఒక సిలిండరు."

"మిషను గ్యాసు తాగుతుందా?"

తాగదని ఏసుపాదానికి తెలుసు. పనిలో చేరిన మొదటిరోజు మేస్త్రి చెప్పిన పాఠమది. గ్యాసు తరిగే సరుకు కాదు. గొట్టాల్లో తిరుగుతూ, వేడిని మోసుకుపోయి బయట దించి, మళ్లీ వస్తుంది. సరిగ్గా బిగించిన మిషనుకు ఒకసారి పట్టిన గ్యాసు ఏళ్ల తరబడి చాలు. కానీ నాలుగు నెలలకోసారి టౌను నుంచి మనిషొస్తాడు, కొత్త సిలిండరు ఎక్కిస్తాడు, ఖాళీది వదిలిపోతాడు. తగ్గింది, పట్టాం అంటాడు. ఎక్కడికి తగ్గిందని ఎవరూ అడగలేదు. ఏసుపాదమూ అడగలేదు.

"గాల్లోకి పోయింది. సరే" అన్నాడు చివరికి. "కానీ ఎవడి కళ్లూ మండలేదుగా."

"మండలేదు."

అమోనియా గాల్లోకి పోతే కొన్నాళ్లకు వానలో కలిసి దిగిపోతుంది. ఈ సిలిండర్లలోంచి పోయింది దిగదు. పైనే ఏళ్లకేళ్లు దుప్పటిలా పరుచుకుని, భూమి వేడిని పోనివ్వదు. ఇదీ మేస్త్రి చెప్పిందే. ఇప్పుడు మాత్రం మేస్త్రి ఆ మాట ఎత్తలేదు. జేబులోంచి గంధకం వత్తి తీసి, వెలిగించి, ఏసుపాదం చేతికిచ్చాడు. అమోనియా కారేచోట ఆ వత్తి పెడితే దట్టంగా తెల్లటి పొగ లేస్తుంది. ఎక్కడ కారుతోందో అలా పట్టుకుంటారు.

"పొద్దున కొంచెం ఆపారు గానీ, ఇంకా సన్నగా వాసనొస్తోంది. ఎక్కడో వెతుకు. మిషను గదిలో పన్నెండు వాల్వులున్నాయి."

ఏసుపాదానికి ఒళ్లు మండిపోయింది. దెబ్బ తిన్నది తను, సిలిండర్లు మోసింది తను, ఇప్పుడు వెతకాల్సిందీ తనే. విసవిసా మిషను గదిలోకి నడిచాడు. తలుపు పక్కనున్నవి దాటాడు. కంప్రెసరు మీదున్నవి దాటాడు. మూలకు పోయి, గోడవైపు వాల్వు మెడ దగ్గర వత్తి పెట్టాడు. గుప్పున తెల్లటి పొగ లేచింది.

"ఇదే" అన్నాడు తిరిగి చూసి.

మేస్త్రి గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు.

"మిగతా పదకొండూ చూడలేదే?"

వత్తి కాలుతూ వేళ్ల దాకా వచ్చింది. ఏసుపాదం దాన్ని నీళ్ల బక్కెట్లో పడేశాడు.

నాలుగింటికి భావనారాయణ ఏజెంటుతో బయటికొచ్చి, గేటు దగ్గర వరసను చూసి ఆగాడు. గేటు అవతల మస్తాన్‌బీ, ఆమె వెనక వీధివాళ్లు పదిమంది. ఏం తేలుస్తారో వినాలని వచ్చారు.

"ఏంటయ్యా ఈ ప్రదర్శన?" అన్నాడు యజమాని. "నీ మాటేంటో చెప్పు. సంతకం పెట్టమంటావా?"

ఏసుపాదం ఆయన్ను చూడలేదు. మస్తాన్‌బీవైపు తిరిగాడు.

"పైపులు పాతబడ్డాయని చెప్పాను. అబద్ధం. పొద్దున కారిన వాల్వుకి, గ్యాసు బయటికి రాకుండా బిగించే ప్యాకింగు మార్చమని మేస్త్రి పదిరోజుల కింద చెప్పారు. మార్చానన్నాను. మార్చలేదు."

మస్తాన్‌బీ అతన్ని పైనుంచి కిందికి చూసింది.

"ఆ రెండోది పడనివ్వాల్సింది" అంది, పొద్దున తన చెయ్యి పట్టుకున్నతనితో.

"తప్పు వీడిదే అయినా గ్యాసు మారిస్తే సరిపోతుందిగా" అన్నాడు ఏజెంటు నవ్వుతూ. "మా గ్యాసుకి వాసన రాదు. ఇలాంటి తంటా ఉండదు."

"ఉండదు" అన్నాడు ఏసుపాదం. "మీ గ్యాసైతే నేను మార్చలేదని ఈ జన్మలో ఎవరికీ తెలిసేది కాదు."

ఏజెంటు నవ్వు ఆగిపోయింది. భావనారాయణ కలం జేబులో పెట్టుకున్నాడు.

"అమోనియానే ఉండనివ్వండి" అన్నాడు ఏసుపాదం. "వీధివైపు గోడకి అలారం పెట్టించండి. వాసన గోడ దాటకముందే అది మోగాలి. రొయ్యల గదిలో గ్యాసు కారేచోటు వెతకాలి, దాన్నీ ఇవాళే నాకు అప్పగించండి."

"అలారం మోగితే ఎవడొస్తాడు?" అంది మస్తాన్‌బీ.

"నేనే వస్తాను."

"రాకపోతే నీ ఇల్లెక్కడో నాకు తెలుసు" అని ఆమె వెళ్లిపోయింది.

ఏసుపాదం ముందు వాల్వు ప్యాకింగు మార్చాడు. తర్వాత చెంబులో సబ్బునీళ్లు కలుపుకుని రొయ్యల గదికి పోయాడు. అక్కడ వాసన దారి చూపించదు. అతుకు అతుక్కీ నురగ పూసి, బుడగ లేస్తుందేమోనని కళ్లు చిట్లించుకుని చూడాలి. పద్దెనిమిదో అతుకు దగ్గర చిన్న బుడగ లేచి పగిలింది. మళ్లీ లేచింది.

ఆ అతుకు బిగించి అతను బయటికొచ్చేసరికి మేస్త్రి రొయ్యల గది వెనక నీడలో నిలబడి ఉన్నాడు. ఖాళీ అయిన ఆ చోట నేలమీద పది గుండ్రటి మచ్చలు.

"సిలిండర్లు మళ్లీ ఇక్కడికి తెమ్మంటారా?" అన్నాడు ఏసుపాదం.

"గేటు దగ్గరే ఉండనీ. రోజూ కళ్లబడాలి."

"మరి రేపు అన్నాలప్పుడు అందరూ ఎక్కడ కూర్చుంటారు?"

మేస్త్రి గొంతు ఇంకా కిందనే ఉంది.

"నిలబడి తినండి."